అమెరికాలో క్విల్టింగ్ గిల్డ్: తొలి సమావేశం నుంచి ప్రదర్శన దాకా సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఓ మోస్తరు ఊరు ఏది తీసుకున్నా, చర్చి హాల్లోనో గ్రంథాలయం గదిలోనో నెలకోసారి క్విల్టర్లు కలుసుకునే గిల్డ్ ఒకటి కారులో వెళ్లగలిగేంత దూరంలో ఉండే అవకాశం ఎక్కువ. పైన ముక్కలు కూర్చిన గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, అడుగున అస్తరు, ఈ మూడింటినీ కలిపి కుట్టినదే క్విల్టు కాబట్టి, పాత చీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టిన ఇళ్ల నుంచి వెళ్లిన తెలుగువారికి ఆ పని కొత్తగా అనిపించదు. దాని చుట్టూ ఎన్నికలు, బడ్జెట్టు, పన్ను పత్రాలు, బీమా, ప్రదర్శనలతో ఒక సంఘం నడవడం మాత్రం చాలామందికి కొత్తే.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక చట్రం చుట్టూ చేరి క్విల్టు కుట్టుకోవడం అక్కడ 19వ శతాబ్దం నాటికే ఉన్న అలవాటు. నేడు కనిపించే గిల్డుల్లో చాలా భాగం 1970లలోనూ ఆ తర్వాతా పుట్టినవి. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత క్విల్టులను చిత్రపటాల్లా గోడలకు వేలాడదీసింది. 1976లో స్వాతంత్ర్య ద్విశతాబ్ది పేరిట ఎన్నో ఊళ్లలో స్మారక క్విల్టులు కుట్టారు. ఆ ఉత్సాహంలోంచే సంఘాలు పుట్టుకొచ్చాయి. బ్రిటన్‌లో 1979లో క్విల్టర్స్ గిల్డ్ ఏర్పడింది. 2009లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన మోడర్న్ క్విల్ట్ గిల్డ్ కొత్త తరాన్ని తీసుకొచ్చింది. కుట్టడం చేతకాక మూతపడ్డ గిల్డ్ ఉంటుందని నేననుకోను. ఆ నలుగురే ఏళ్ల తరబడి అన్ని పనులూ నెత్తిన వేసుకుని, చివరికి విసిగి తప్పుకోవడమే అసలు ప్రమాదం. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి ఏర్పాటునూ పని ఎలా పంచాలన్న దృష్టితోనే వివరిస్తాను.

మొదలుపెట్టే ముందు

కొత్త గిల్డ్ పెట్టాలన్న ఆలోచన రాగానే చేయవలసిన మొదటి పని, దగ్గర్లో ఉన్న గిల్డుకు అతిథిగా వెళ్లి చూడడం. చాలా గిల్డులు ఒకటి రెండు సమావేశాలకు అతిథులను ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో రానిస్తాయి. ఆ గిల్డ్ పనిదినాల్లో ఉదయం పూట కలుస్తుంటే, ఉద్యోగాలు చేసేవారికి సాయంత్రపు గిల్డ్ అవసరమన్న సంగతి అక్కడే తేలిపోతుంది. ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారిలో కుట్టుపని మీద ఇష్టం ఉన్నవారికి తరచూ అడ్డొచ్చేది ఈ వేళల సమస్యే. ఉన్న గిల్డులోనే సాయంత్రపు బృందం పెట్టుకునే వీలుంటే, కొత్త సంఘం పెట్టడం కన్నా అదే తేలిక.

కొత్తదే పెట్టాలని తేలితే, మొదటి సమావేశానికి ఎనిమిది పది మంది చాలు. వారితో మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎందుకు కలుస్తున్నాం, ఎప్పుడు కలుస్తాం, ఎక్కడ కలుస్తాం. మొదటిది మాటవరసకు అడిగే ప్రశ్న కాదు. నేర్చుకోవడానికి వచ్చినవారు, దానం కోసం కుట్టాలనుకునేవారు, పోటీలకు పంపాలనుకునేవారు ఒకే గదిలో ఉంటారు. ఈ మూడింటిలో దేనికి ఎంత చోటివ్వాలో ముందే మాట్లాడుకోకపోతే ఏడాది తిరిగేసరికి చిన్న చిన్న అలకలు మొదలవుతాయి.

హాలు చూసేటప్పుడు అద్దె, కార్లు నిలిపే చోటు, బల్లల సంఖ్య అందరూ చూస్తారు. కరెంటు సంగతి చూడరు. అమెరికాలో సాధారణ సర్క్యూటు 120 వోల్టుల మీద 15 ఆంపియర్లు, అంటే 1,800 వాట్లు మోస్తుంది. ఒక్కో ఇస్త్రీపెట్టె 1,200 నుంచి 1,800 వాట్ల దాకా తీసుకుంటుంది కాబట్టి, ఒకే సర్క్యూటు మీద రెండు ఇస్త్రీపెట్టెలు పెడితే బ్రేకర్ పడిపోయి, ఆ వరుసలోని కుట్టు మిషన్లన్నీ ఆగిపోతాయి. హాలు ఖాయం చేసుకునే ముందే ఏ ప్లగ్గు ఏ సర్క్యూటులో ఉందో అడిగి, చిన్న పటం గీసి ఉంచుకుంటే కార్యశాల రోజు తిప్పలు తప్పుతాయి.

నిబంధనావళి, కార్యవర్గం

నిబంధనావళి నాలుగైదు పేజీలు మించనక్కరలేదు. అందులో గిల్డ్ పేరు, లక్ష్యం, సభ్యత్వానికి అర్హత, రుసుము ఎవరు నిర్ణయిస్తారు, కార్యవర్గం ఎన్నిక, పదవీకాలం, కోరం, సవరణ పద్ధతి, గిల్డ్ మూసివేస్తే మిగిలిన ఆస్తి ఎవరికి చెందాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. రుసుము అంకెను నిబంధనావళిలో రాయకండి. రాస్తే అయిదు డాలర్లు పెంచాలన్నా సవరణ పెట్టుకోవలసి వస్తుంది. అటువంటి వివరాలకు విధివిధానాల పత్రం వేరుగా పెట్టుకుని, దాన్ని మార్చే అధికారం కార్యవర్గానికి ఇవ్వడం మేలు. కోరం కూడా ఆచరణకు లొంగేలా ఉండాలి. వంద మంది సభ్యుల్లో నెలనెలా నలభై మందే వస్తున్నప్పుడు సగం మందిని కోరంగా పెట్టుకుంటే, ఆ గిల్డ్ ఏ తీర్మానమూ చేయలేదు.

అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి అన్న నాలుగు పదవులు అన్నిచోట్లా ఉంటాయి. ఉపాధ్యక్షులకు కార్యక్రమాల బాధ్యత అప్పగించడం సాధారణ పద్ధతి. ఈ నలుగురి కింద సభ్యత్వం, వార్తాలేఖ, అతిథి మర్యాద, గ్రంథాలయం, దాన క్విల్టులు, లాటరీ క్విల్టు, ప్రదర్శన అంటూ విభాగాలు ఉంటాయి. ఒక్కో విభాగానికి బాధ్యులు ఒకరు, సహబాధ్యులు ఒకరు ఉండాలి. ఈ సహబాధ్యుల పద్ధతిని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఈ ఏడాది సహబాధ్యులుగా ఉండి పని చూసినవారు వచ్చే ఏడాది బాధ్యులవుతారు; బాధ్యత ఒప్పుకునేవారికి కూడా తాము రెండేళ్లలో బయటపడతామన్న భరోసా ఉంటుంది. కార్యవర్గంలోని నలుగురికీ పదవీకాలం రెండేళ్లు, వరుసగా రెండు దఫాలకు మించకూడదు అన్న నియమం, ఎంత సమర్థులున్నా సడలించకుండా ఉంటేనే కొత్తవారు ముందుకొస్తారు.

ఎన్నికలకు రెండు మూడు నెలల ముందే పేర్లు సేకరించే చిన్న సంఘాన్ని నియమించాలి. నిండు సభలో "ఎవరైనా ముందుకొస్తారా?" అని అడిగితే అందరూ ఒడిలోని కుట్టుపని వైపు చూస్తారు. పక్కన కూర్చుని, ఈ పనికి నెలకు ఎన్ని గంటలు పడుతుందో చెప్పి, ఒక్కొక్కరినే అడిగితే ఒప్పుకునేవారు దొరుకుతారు.

నమోదు, పన్ను పత్రాలు

గిల్డును తమ రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదు చేయించి, అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్. నుంచి సంస్థ గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ఆ సంఖ్య ఉచితంగానే ఇస్తారు. దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. బ్యాంకు ఖాతా దాని మీదే తెరవాలి, ఎవరి సొంత ఖాతాలోనూ గిల్డ్ సొమ్ము ఉంచకూడదు.

విద్య, దానం ప్రధాన లక్ష్యాలుగా ఉన్న గిల్డులు 501(సి)(3) అనే పన్ను మినహాయింపు హోదా కోరతాయి. ఏటా 50,000 డాలర్లకు మించని రాబడి అంచనా, 2,50,000 డాలర్లకు మించని ఆస్తి ఉన్న చిన్న సంస్థలు 1023-ఈజెడ్ అనే పొట్టి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది రాసే నాటికి దాని రుసుము 275 డాలర్లు, పూర్తి 1023 దరఖాస్తుకు 600 డాలర్లు. సంస్థ ఏర్పడిన 27 నెలల లోపు దరఖాస్తు చేస్తే, హోదా మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది. మూసివేత వేళ మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోరాదని, అటువంటి లక్ష్యాలున్న మరో సంస్థకే ఇవ్వాలని స్థాపన పత్రాల్లో ఉండితీరాలి.

హోదా వచ్చాక మరచిపోకూడనిది 990-ఎన్ అనే వార్షిక పత్రం. సాధారణంగా 50,000 డాలర్లు మించని రాబడి ఉన్న సంస్థలు ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదో నెల 15వ తేదీలోగా దీన్ని ఆన్‌లైన్‌లో పంపాలి. పట్టుమని పది నిమిషాల పని. వరుసగా మూడేళ్లు పంపకపోతే మాత్రం హోదా దానంతటదే రద్దవుతుంది, మళ్లీ దరఖాస్తు నుంచి మొదలుపెట్టాలి. కోశాధికారి మారిన ఏడాదే ఇది జారిపోతుంది కాబట్టి, గడువు తేదీని కార్యదర్శి క్యాలెండరులోనూ రాసి పెట్టాలి. రాష్ట్ర స్థాయి పత్రాలు దీనికి అదనం.

ఇటువంటి సంఘాన్ని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్టదలచినవారు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేయించుకోవచ్చు.

డబ్బు లెక్క

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. అరవై మంది సభ్యులు, తలా 40 డాలర్ల రుసుము, మొత్తం 2,400 డాలర్లు. నెలకు 75 డాలర్ల చొప్పున పదకొండు నెలల హాలు అద్దె 825. బాధ్యతా బీమా 350. ఏడాదికి నలుగురు బయటి వక్తలకు తలా 400 చొప్పున 1,600. ఖర్చు 2,775 అయింది, ఇంకా దారం ఉండ కూడా కొనలేదు. సభ్యత్వ రుసుముతోనే గిల్డ్ నడవదన్న సంగతి కొత్త సభ్యులకు మొదటి రోజే చెప్పాలి. లాటరీ క్విల్టు చీటీలు అమ్మమని తమనెందుకు అడుగుతున్నారో అప్పుడు వారికి అర్థమవుతుంది.

బీమాను దండగ ఖర్చు అనుకోవద్దు. చర్చిలు, పాఠశాలలు హాలు ఇచ్చే ముందు బీమా ధ్రువపత్రం అడగడం మామూలే. గిల్డ్ సొమ్ము విషయంలో మూడు నియమాలు చాలు: నగదును ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి; నిర్ణీత మొత్తం దాటిన చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి; సంతకాల అధికారం లేని సభ్యులు ఒకరు ఏడాదికోసారి పుస్తకాలు తనిఖీ చేయాలి. ఇవి ఎవరి మీదా అనుమానంతో పెట్టేవి కావు. తేడా వచ్చిన రోజున కోశాధికారిని కాపాడేవి ఇవే.

నెలవారీ సమావేశం

రెండు గంటల సమావేశంలో పాలన వ్యవహారాలు ఇరవై నిమిషాలు దాటకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. కార్యవర్గం వేరే రోజు కలిసి చర్చలు ముగించుకుని, సర్వసభ్య సమావేశంలో ఓటు అవసరమైనవే పెట్టాలి. ఆ తర్వాత వక్త ప్రసంగం. బయటి ఉపాధ్యాయులు తమ క్విల్టులను పెట్టెలో తెచ్చి ఒక్కొక్కటే విప్పి చూపుతూ మాట్లాడే ప్రసంగాలకు ఆదరణ ఎక్కువ. వారినే మర్నాడు కార్యశాలకు ఆపుకుంటే ప్రయాణ ఖర్చు రెండు పనులకు సర్దుకుంటుంది. పేరున్న ఉపాధ్యాయుల తేదీలు ఏడాది, ఏడాదిన్నర ముందే నిండిపోతాయి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి: ప్రసంగ రుసుము, ప్రయాణం, బస, రద్దయితే ఏమిటి, కార్యశాలకు కనీసం ఎందరు చేరాలి అన్నవన్నీ అందులో రాయాలి.

సమావేశంలో అందరూ ఎదురుచూసేది చివర జరిగే చూపు-చెప్పు ఘట్టమే. కుట్టినవారు ఒక పక్క నిలబడతారు, ఇద్దరు సభ్యులు క్విల్టు పై అంచు రెండు మూలలూ పట్టుకుని పైకెత్తుతారు, ఆ వెంటనే వెనక్కి తిప్పి అస్తరు వైపు కూడా చూపిస్తారు, ఎందుకంటే కుట్టు తీరు వెనక వైపే బాగా తెలుస్తుంది. తలా రెండు క్విల్టులు, ఒక్కో నిమిషం అని హద్దు పెట్టకపోతే చివరివారి వంతు వచ్చేసరికి గది ఖాళీ అవుతుంది. కొత్తవారి మొట్టమొదటి క్విల్టు వచ్చినప్పుడు, ముక్కల మొనలు కలవకపోయినా, అడగనిదే దిద్దుబాట్లు చెప్పకూడదన్న మర్యాదను అధ్యక్షులే పాటించి చూపాలి.

వచ్చినవారు పేరు పట్టీ పెట్టుకోవడం, కొత్తవారి పక్కన పాత సభ్యులు ఒకరు కూర్చోవడం చిన్నవిగా కనిపించినా, అతిథులు సభ్యులయ్యేదీ కానిదీ చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది. వార్తాలేఖ ఒక్క పేజీ అయినా ఫరవాలేదు, సమయానికి రావాలి. బీ అని పిలిచే ఆరుగురు ఎనిమిది మంది చిన్న బృందాలు ఇళ్లలో కలుసుకుంటాయి. వాటి వ్యవహారాల్లో గిల్డ్ తల దూర్చకపోవడమే మంచిది.

దాన క్విల్టులు

గిల్డుకు ఊళ్లో పేరు తెచ్చేది ఈ విభాగమే. పిల్లలకు దుప్పట్లు అందించే ప్రాజెక్ట్ లైనస్ 1995లో, సైనికులకు, మాజీ సైనికులకు క్విల్టులిచ్చే క్విల్ట్స్ ఆఫ్ వాలర్ 2003లో మొదలయ్యాయి. ఊళ్లోని ఆసుపత్రులు, ఆశ్రయ కేంద్రాలు సరేసరి. అడిగి, తెలుసుకుని కుట్టాలి. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల విభాగం కోరే కొలత వేరు, సైనికుల సంస్థ కోరే కొలత వేరు; వాసన రాని సబ్బుతో ఉతకాలనో, గుండీలు పెట్టరాదనో షరతులుంటాయి.

సభ్యుల చేత ఎక్కువ కుట్టించాలంటే కిట్లు తయారుచేసి ఇవ్వాలి. పసిపిల్లల క్విల్టు కిట్టు ఒకటి చూద్దాం. 18 అంగుళాలకు 22 అంగుళాలుండే ఫ్యాట్ క్వార్టర్ గుడ్డలు ఏడు తీసుకుని, ఒక్కోదాన్నుంచి ఆరున్నర అంగుళాల చదరాలు ఆరు చొప్పున కోస్తే నలభై రెండు చదరాలొస్తాయి. పావు అంగుళం కుట్టు వదిలి, అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు కలిపితే 36 అంగుళాలకు 42 అంగుళాల క్విల్టు తయారవుతుంది. అస్తరుకు 42 అంగుళాల పన్నా గుడ్డ ఒకటింబావు గజం మీద మరో మూడు అంగుళాలు, అంటే 48 అంగుళాలు కోస్తే, చుట్టూ సుమారు మూడేసి అంగుళాలు మిగులుతుంది. అంచుపట్టీకి రెండున్నర అంగుళాల పట్టీలు అయిదు. వీటిని పేర్చి, కొలతల కాగితంతో సంచిలో పెట్టి, సంచి మీద సంఖ్య వేసి, ఎవరు ఏ సంఖ్య తీసుకెళ్లారో పుస్తకంలో రాసుకోవాలి. రాసుకోకపోతే సగం సంచులు ఎవరింటి బీరువాలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. చదరాలు కూర్చడం ఇష్టమున్నవారు కూర్చి ఇస్తారు, పెద్ద లాంగ్‌ఆర్మ్ మిషన్ ఉన్నవారు మూడు పొరలనూ కలిపి కుట్టే క్విల్టింగ్ చేస్తారు, టీవీ చూస్తూ చేతికుట్టు వేసుకునేవారు అంచు ముగిస్తారు. ఒక్కరే మొత్తం కుట్టాలంటే జంకేవారు కూడా తమ వాటా పనికి సంతోషంగా ఒప్పుకుంటారు.

లాటరీ క్విల్టు

పెద్ద క్విల్టు ఒకటి సభ్యులంతా కలిసి కుట్టి, చీటీలు అమ్మి, ప్రదర్శన రోజున లాటరీ తీయడం గిల్డులకు ప్రధాన రాబడి. ఇక్కడ పనితనం కన్నా ముందు కొలతే చిక్కు పెడుతుంది. ఆరు ముక్కలున్న వరుసలో ప్రతి కుట్టూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పడితే, ముక్కకు రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు, వరుసకు ముప్పావు అంగుళం తగ్గుతుంది. ఇరవై మంది ఇళ్లలో కుట్టిన బ్లాకులు, అంటే ముక్కలు కూర్చిన చదరాలు, అలా ఇరవై కొలతల్లో వస్తాయి. కాబట్టి ముందు ఒక నమూనా బ్లాకు కుట్టించి, కొలిచి చూసి, ఆ తర్వాతే అసలు గుడ్డ ఇవ్వాలి. బ్లాకులను కలిపే పని మాత్రం ఇద్దరు ముగ్గురికే అప్పగించాలి.

లాటరీ చట్టాలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ముందుగా అటార్నీ జనరల్ కార్యాలయంలో నమోదు చేసుకోవాలి, వసూలైన దానిలో 90 శాతం దాన ప్రయోజనాలకే వెళ్లాలి, చీటీలు ఇంటర్నెట్‌లో అమ్మకూడదు. మరికొన్ని రాష్ట్రాలు ఊరి స్థాయి అనుమతి అడుగుతాయి. చీటీ కొన్న డబ్బును పన్ను మినహాయింపుకు చూపే వీలులేదని కూడా కొన్నవారికి చెప్పాలి.

ప్రదర్శన

చాలా గిల్డులు రెండేళ్లకోసారి ప్రదర్శన పెడతాయి. చిన్న గిల్డుకు ఏటా పెట్టడం శక్తికి మించిన పని. హాలు ఖాయం చేయడం ఏడాదిన్నర ముందు, అమ్మకందారులను, న్యాయనిర్ణేతలను పిలవడం ఏడాది ముందు, ప్రవేశ పత్రాలు తీసుకోవడం మూడు నాలుగు నెలల ముందు జరగాలి. ప్రవేశ పత్రంలో కొలతలు, ఫోటో, కూర్చినవారి పేరు, క్విల్టింగ్ చేసినవారి పేరు, నమూనా ఎవరిది అన్నవి అడగాలి. లాంగ్‌ఆర్మ్ మీద వేరొకరు డబ్బు తీసుకుని క్విల్టింగ్ చేసినా వారి పేరు రాయడం ఆనవాయితీ, అది లేకపోతే గొడవలొస్తాయి.

ప్రతి క్విల్టు వెనక పై అంచుకు నాలుగు అంగుళాల గుడ్డ గొట్టం కుట్టి ఉండాలి. అందులోంచే వేలాడదీసే కడ్డీ దూరుతుంది. ఆ కుట్టు అస్తరును దాటి ముందు వైపుకు రాకూడదు. అప్పగించే రోజున ఒకరు పత్రం సరిచూస్తే, ఒకరు కొలుస్తారు, ఒకరు సంఖ్య పట్టీని చిన్న పిన్నుతో వెనక మూలన గుచ్చుతారు. దిండు గలీబులో పెట్టి తెమ్మంటే క్విల్టు నలగదు, మాయదు. తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు లేనిదే, ఎంత తెలిసినవారైనా, ఇవ్వకూడదు.

హాలులో తెల్ల చేతితొడుగులు వేసుకున్న స్వచ్ఛంద సేవకులు తిరుగుతుంటారు. సందర్శకుల వేళ్లకుండే జిడ్డు గుడ్డకంటకుండా, అడిగినవారికి క్విల్టు వెనక వైపు తిప్పి చూపడం వారి పని. వీరిని గంటన్నర వంతులుగా వేయాలి, అంతకు మించితే కాళ్లు పీకుతాయి. తీర్పు విషయంలో రెండు దారులున్నాయి: ధ్రువీకరణ పొందిన న్యాయనిర్ణేతలను రప్పించి వ్యాఖ్యలు రాయించడం, లేదా సందర్శకుల ఓటుతో సరిపెట్టడం. మొదటి ప్రదర్శనకు రెండోదే చాలు. న్యాయనిర్ణేతలను పిలిస్తే ఇంకో ఇద్దరు తప్పనిసరి: వ్యాఖ్యలను రాసుకునేవారు, క్విల్టును పట్టుకుని మడిచేవారు. తీర్పు జరిగే గదిలో క్విల్టు ఎవరిదో ఎవరూ నోరు జారకూడదు.

బాధ్యతల అప్పగింత

ఏ పదవికైనా ఒక ఫైలు ఉండాలి. అందులో నెలవారీ పనుల పట్టిక, పోయినేటి ఒప్పందాలు, హాలు వారి ఫోను నంబరు, పాస్‌వర్డులు, గిల్డ్ సామాను ఎవరింట్లో ఉంది అన్న జాబితా పెట్టాలి. పాత, కొత్త కార్యవర్గాలు ఒక పూట కలిసి కూర్చుని ఈ ఫైళ్లు మార్చుకోవాలి. ఆ వారంలోనే ఎన్నిక తీర్మానం నకలు తీసుకుని పాత కోశాధికారి, కొత్త కోశాధికారి కలిసి బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించాలి. మెయిల్‌బాక్సు తాళం, చెక్కు పుస్తకం, ఐ.ఆర్.ఎస్. ఖాతా వివరాలు ఆ రోజే చేతులు మారాలి.